చేపల తొట్టి మూతలో లైటు: ఊడి పడినా ఆపద రాకుండా బిగించడం ఎలా?

దుకాణాల్లో దొరికే అక్వేరియం మూతలు కొన్ని కొలతలకే వస్తాయి. ఇంట్లోని గూటికో, మెట్ల కింది జాగాకో సరిపోయేలా గాజు దుకాణంలో చేయించుకున్న తొట్టికి అవి పట్టవు. అందుకే చాలామంది ప్లైవుడ్డుతోనో పీవీసీ షీటుతోనో మూత సొంతంగా చేసుకుంటారు. పెట్టె కట్టడం పెద్ద కష్టమేమీ కాదు. దాని లోపల, నీటికి జానెడు ఎత్తు కూడా లేని చోట, కరెంటుతో వెలిగే వస్తువును బిగించడమే అసలు పని.

ఈ పనికి దిగినవారు ముందుగా అడిగేది "లైటు గట్టిగా నిలుస్తుందా?" అని. అంతకంటే ముందు "ఊడి పడితే ఏమవుతుంది?" అని అడగాలి. ఎంత బాగా బిగించినా ఏదో ఒక రోజు ఊడుతుందనే లెక్కతోనే మూత కట్టుకోవాలి. ఒక రక్షణ విఫలమైతే రెండోది, రెండోదీ విఫలమైతే మూడోది సిద్ధంగా ఉండాలి. కింది జవాబులన్నీ ఈ ఆలోచన మీదే నిలిచి ఉన్నాయి.

గోడకు బిగించిన ట్యూబ్‌లైటు ఏళ్ల తరబడి కదలదు. తొట్టి మూతలో మాత్రం ఇంత జాగ్రత్త ఎందుకు?

గది గాలి వేరు, మూత లోపలి గాలి వేరు. నీటి మీది నుంచి ఆవిరి ఎప్పుడూ లేస్తూనే ఉంటుంది. మూత మూసి ఉన్నంతసేపూ లోపలి గాలి ఇక పట్టలేనంత తేమతో నిండిపోతుంది. రాత్రి లైటు ఆర్పాక మూత చల్లబడుతుంది. అప్పుడు ఆవిరి దానికి తగిలి, వేడి అన్నం గిన్నె మూతకు పట్టినట్టు, చుక్కలుగా మారుతుంది. చలికాలంలో హీటర్ పెట్టి నీటిని వెచ్చగా ఉంచే తొట్లలో ఇది మరీ ఎక్కువ.

దీనికి తుంపర తోడవుతుంది. ఎయిర్ పంపు బుడగ పగిలినప్పుడల్లా సన్నని నీటి బిందువులు పైకి చిమ్ముతాయి. అవి ఆరిపోయాక వాటిలోని లవణాలు లైటు మీద, వైరు మీద తెల్లటి పొరగా మిగులుతాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఈ పొర త్వరగా పేరుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు దానివల్ల హాని లేదు. మళ్లీ తేమ పీల్చుకుంటే అదే పొర కరెంటుకు దారి ఇస్తుంది.

ఇక కదలికల సంగతి. పగలు వేడెక్కి రాత్రి చల్లబడేటప్పుడు చెక్క, లోహం, ప్లాస్టిక్ ఒక్కొక్కటి ఒక్కో తీరున సాగి ముడుచుకుంటాయి. మేత వేయడానికి రోజూ మూత తెరిచి మూస్తాం. పెద్ద చేపలు ఎగిరి మూతకు తలతో కొడతాయి. గోడ మీది లైటుకు వీటిలో ఒక్క బాధా లేదు.

లైటు నీళ్లలో పడినా ఎంసీబీ పడిపోతుంది కదా! ఇంకా భయమెందుకు?

ఈ నమ్మకమే అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఎంసీబీ ఉన్నది ఇంటి వైరింగు వేడెక్కి కాలిపోకుండా చూడడానికి. 6 ఆంపియర్ల ఎంసీబీ ఆ స్థాయికి మించిన కరెంటు పారితేనే పడుతుంది. మనిషి విషయానికొస్తే, సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటగానే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నదాన్ని వదల్లేని స్థితి రావచ్చు. ఇంకొంత పెరిగి, కొద్దిసేపు గుండె మీదుగా పారితే ప్రాణమే పోవచ్చు. 6 ఆంపియర్లంటే 6,000 మిల్లీ ఆంపియర్లు. మనిషిని చంపడానికి చాలినంత కరెంటు ఎంసీబీకి లెక్కలోకే రాదు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజు తీగలో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది ప్రతిక్షణం పోల్చి చూస్తుంది. తేడా వచ్చిందంటే ఆ కరెంటు మరో దారిన, బహుశా మనిషి ఒంటిలోంచి, నేలకు పోతోందని అర్థం. ఇళ్లకు వాడే 30 మిల్లీ ఆంపియర్ల రకం ఆ తేడాను గుర్తించి సెకనులో చిన్న భాగంలోనే సరఫరా తెంచేస్తుంది. దాన్ని పెట్టించాక కూడా షాక్ తగలవచ్చు. అది ప్రాణం దాకా వెళ్లే అవకాశం మాత్రం చాలా తగ్గిపోతుంది.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన మాట. "చేపలు మామూలుగానే తిరుగుతున్నాయి కాబట్టి నీళ్లలో కరెంటు లేదు" అని ఎప్పుడూ అనుకోకండి. తొట్టి గాజు కరెంటును పోనివ్వదు. ఫేజు మాత్రమే నీటికి తగిలినప్పుడు కరెంటు బయటికి పోయే దారి ఉండదు కాబట్టి చేపలకు ఏమీ కాకపోవచ్చు, ఆర్‌సీసీబీ కూడా పడకపోవచ్చు. నేల మీద నిలబడి మనం చెయ్యి పెట్టినప్పుడు ఆ దారి మనమే అవుతాం.

అయితే ఏ లైటు ఎంచుకోవాలి?

ఇంట్లోకి వచ్చే కరెంటు 230 వోల్టులు. దాన్ని మూత లోపలికి రానివ్వకుండా ఉండగలిగితే సగం సమస్య తీరినట్టే. అందుకే 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీలు, లేదా 12 వోల్టులకే పనిచేసే అక్వేరియం లైట్లు ఎంచుకోండి. వాటి అడాప్టరు తొట్టికి దూరంగా, పొడి చోట ఉంటుంది. మూతలోకి వెళ్లేది 12 వోల్టులే. అది నీటిలో పడినా లైటు పాడవుతుంది గానీ మనిషికి ప్రాణాపాయం ఉండదు. అయితే ఈ భరోసా అంతా అడాప్టరు మీద ఆధారపడి ఉంది. 230 వోల్టుల వైపు, 12 వోల్టుల వైపు లోపల ఎక్కడా కలవకుండా వేరుచేసి ఉంచేది అదే. కాబట్టి ఐఎస్‌ఐ గుర్తు లేదా బీఐఎస్ నమోదు సంఖ్య ముద్రించి ఉన్న మంచి అడాప్టరే కొనండి.

ఒక హెచ్చరిక. ఫాల్స్ సీలింగులకు, పండగ అలంకరణకు చుట్టలుగా అమ్మే ఎల్‌ఈడీ పట్టీల్లో చాలావరకు నేరుగా 230 వోల్టులతో నడిచేవే. పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, చూడ్డానికి 12 వోల్టుల పట్టీలాగే ఉంటుంది. కోసిన చివర ఒక చిన్న మూత మాత్రమే అడ్డు. దాన్ని తొట్టి దరిదాపులకు తేకూడదు. కొనేముందు పట్టీ మీద, ప్యాకెట్టు మీద వోల్టులు ఎంతో చదవండి.

తర్వాత చూడాల్సింది ఐపీ సంఖ్య. ఇందులో మొదటి అంకె దుమ్మును, రెండో అంకె నీటిని ఎంతవరకు ఆపుతుందో చెబుతుంది. ఐపీ20 అంటే నీటి నుంచి ఏ రక్షణా లేదు. ఐపీ65 అంటే గొట్టంతో నీళ్లు చల్లినా తట్టుకుంటుంది. ఐపీ67 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు చేరదు. మూత లోపలికి కనీసం ఐపీ65, వీలైతే ఐపీ67 తీసుకోండి. పట్టీని కత్తిరించిన మరుక్షణం ఆ సంఖ్యకు విలువ పోతుంది. కోసిన చివర రాగి బయటపడుతుంది. తేమ తగిలి అది పచ్చగా చిలుముపట్టి నీటిలోకి జారితే రొయ్యలకు, నత్తలకు విషం. అందుకే కోసిన చివరను న్యూట్రల్ రకం సిలికాన్‌తో నింపి మూతి బిగించాలి.

అడాప్టరు సామర్థ్యం లెక్క సులభం. మూడడుగుల తొట్టికి రెండు వరుసల పట్టీ అంటే సుమారు 1.8 మీటర్లు. మీటరుకు 14.4 వాట్ల పట్టీ అయితే మొత్తం దాదాపు 26 వాట్లు. 12తో భాగిస్తే 2.2 ఆంపియర్లు. సరిగ్గా అంతే ఉన్న అడాప్టరు పెడితే అది రోజంతా అంచు మీద నడిచి వేడెక్కుతుంది. 3 ఆంపియర్లది పెడితే చల్లగా ఉంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది.

మూత దేనితో చేస్తే లైటు బాగా నిలుస్తుంది?

ఎండీఎఫ్, మామూలు ప్లై వద్దు. తేమకు ఉబ్బి పొరలు విడిపోతాయి, స్క్రూ పట్టు వదిలేస్తుంది. 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై మంచిది. కోసిన అంచులకు, వేసిన ప్రతి కన్నానికీ లోపలి వైపు కూడా రంగో వార్నిషో పట్టించి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వాలి. పీవీసీ ఫోమ్ షీటు తేమకు చెక్కుచెదరదు గానీ మెత్తన. అందులో స్క్రూ నిలవదు, ఆరపార బోల్టు వేయాల్సిందే.

డబుల్ సైడ్ టేపుతో అంటించేస్తే సరిపోదా? పట్టీ వెనక జిగురు ఉంటుంది కదా!

సరిపోదు. కారణం తెలుసుకుంటే మళ్లీ ఆ ఆలోచనే రాదు. టేపును అది అంటిన తలానికి సమాంతరంగా లాగితే బాగా పట్టి ఉంటుంది. ఒక మూల నుంచి ఒలిచినట్టు కిందికి లాగితే ఆ బలం అంతా ఒక సన్నని గీత మీద పడి, కొంచెం కొంచెంగా వదిలేస్తుంది. మూత పైకప్పుకు తలకిందులుగా వేలాడే లైటు చేసేది సరిగ్గా రెండో పనే. రాత్రీ పగలూ ఆగకుండా ఒలుస్తూనే ఉంటుంది. లైటు వేడికి జిగురు మెత్తబడుతుంది, అంచుల నుంచి తేమ లోపలికి పాకుతుంది. మొదటి వారం రాయిలా కనిపించిన టేపు తర్వాత ఒక రాత్రి చడీచప్పుడు లేకుండా ఊడిపోతుంది.

సిలికాన్ టేపు కంటే నయమే. అందులోనూ రెండు రకాలున్నాయి. ఆరేటప్పుడు వెనిగర్‌లా ఘాటుగా వాసన వచ్చేది గాజు తొట్లు అతికించడానికి వాడేది. దానిలోంచి వెలువడే ఆమ్లం రాగిని, టాంకాన్ని తినేస్తుంది. కాబట్టి ఎల్‌ఈడీ దగ్గర ఆ వాసన లేని న్యూట్రల్ రకమే వాడాలి. బాత్రూముల కోసం అమ్మే, బూజు పట్టనివ్వని మందు కలిపిన సిలికాన్ చేపలకు హాని చేస్తుంది కాబట్టి దాన్ని అసలే వాడొద్దు. ఏ రకమైనా సరే, అది నీరు చొరకుండా ఆపడానికి మాత్రమే. బరువు మోసే పని జిగురుకు అప్పగించకూడదు.

మరి ఎలా బిగించాలి?

ముందు పట్టీని నేరుగా మూతకు అంటించకుండా ఒక అల్యూమినియం పట్టాలో, అంటే ఎల్‌ఈడీ ప్రొఫైల్ పేరుతో దొరికేదానిలో అమర్చండి. అది పట్టీని తిన్నగా ఉంచుతుంది, వేడిని లాగేస్తుంది, బోల్టులు వేయడానికి గట్టి ఆధారం ఇస్తుంది. దాని మీద వచ్చే పాల రంగు ప్లాస్టిక్ మూతను బిగిస్తే తుంపర నుంచి ఒక అడ్డు కూడా ఏర్పడుతుంది.

తర్వాత మూత పైకప్పుకు ఆరపార కన్నాలు వేసి, 4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు దించండి. మూడడుగుల పట్టాకు రెండు చివర్లా, మధ్యలో ఒకటి, మొత్తం మూడు చాలు. మూత పైన వెడల్పాటి వాషరు వేస్తే బరువు చెక్క మీద పరుచుకుంటుంది. నైలాన్ రింగు ఉన్న నట్టు వేస్తే కుదుపులకు వదులు కాదు. కన్నం చుట్టూ కొంచెం సిలికాన్ రాస్తే చెక్కలోకి తేమ దిగదు. ఇనుప స్క్రూలు తుప్పుపడతాయి, జింకు పూత ఉన్నవి నీటిలోకి జింకు వదులుతాయి, ఇత్తడిలో రాగి ఉంటుంది. తొట్టి పైన వాడే ప్రతి లోహపు ముక్కా స్టెయిన్‌లెస్ కావాలి. 304 గ్రేడు అని అడగండి. ఉప్పునీటి తొట్టికైతే 316 గ్రేడు.

ఇప్పుడు రెండో పట్టు. బోల్టులతో సంబంధం లేకుండా, పట్టా రెండు చివర్లా ఒక్కో నైలాన్ టై వేసి, వాటిని మూత గోడకు బిగించిన వేరే కొక్కేలకు కట్టండి. అది కొంచెం వదులుగా ఉండాలి. మామూలు రోజుల్లో దానిమీద బరువు పడకూడదు. బోల్టు వదిలిన రోజున లైటు అంగుళం జారి అక్కడే ఆగిపోవాలి. ఆ టై పొడవు చూసుకోండి: లైటు ఎంత జారినా, లైటుకూ నీటికీ మధ్య పరిచే గాజును తాకకూడదు.

కింద గాజు ఎందుకు? వెలుతురు తగ్గిపోదా?

ఈ మొత్తం ఏర్పాటులో తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసేది ఆ గాజే. తుంపరను, ఆవిరిలో చాలా భాగాన్ని, ఎగిరే చేపను అది లైటు దాకా రానివ్వదు. అన్నీ విఫలమై లైటు ఊడినా నీటిలో పడకుండా ఆపుతుంది. శుభ్రమైన 4 మిల్లీమీటర్ల గాజు వెలుతురులో దాదాపు పదో వంతునే ఆపుతుంది. చేపలకూ మొక్కలకూ ఆ తేడా తెలియదు. మురికి పట్టిన గాజు మాత్రం చాలా ఆపుతుంది. తెల్లటి పొర కనిపించినప్పుడల్లా గాజును బయటికి తీసి, వెనిగర్‌తో తుడిచి, మంచినీళ్లతో బాగా కడిగి పెట్టండి.

తొట్టి పై అంచున లోపలి వైపు అతికించిన గాజు పట్టీల మీద దీన్ని ఆనించవచ్చు. ఒకే పెద్ద పలక వద్దు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న 4 మిల్లీమీటర్ల గాజు దాదాపు 2.8 కిలోలు తూగుతుంది. తడి చేతుల్లో జారితే పగులుతుంది. రెండు ముక్కలు చేయించి, అంచులు నున్నగా రుద్దించి, మేత వేయడానికి, గొట్టాలు పోవడానికి ఒక మూల కోయించుకోండి.

వైరు ఎటు నుంచి తీయాలి?

మూత వెనక వైపు గోడకు, పైభాగంలో కన్నం వేసి, అక్కడ రబ్బరు ఉన్న కేబుల్ గ్లాండు బిగించండి. అది వైరును పట్టి ఉంచుతుంది కాబట్టి బయట ఎవరైనా లాగినా ఆ లాగుడు లైటు దాకా రాదు. మూతకు మడతబందులు ఉంటే తెరిచినప్పుడు వైరు బిగుసుకోకుండా అక్కడ తగినంత వదులు ఉంచాలి.

మూత లోపల ఎక్కడా వైరు అతుకు ఉండకూడదు. తప్పనిసరైతే టాంకం వేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. ఇన్సులేషన్ టేపు తేమకు జిగట వదిలి విప్పుకుంటుంది.

వైరు మీదుగా నీటి చుక్క జారుతుంది. అది ప్లగ్గులోకి పోకుండా, వైరును ముందు ప్లగ్గు కంటే కిందికి వేలాడదీసి, అక్కడి నుంచి పైకి తీసుకెళ్లి గుచ్చాలి. అప్పుడు చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద రాలిపోతుంది. ఫిల్టరు, హీటరు, ఎయిర్ పంపు వైర్లకూ ఇదే పద్ధతి. ఎక్స్‌టెన్షన్ బోర్డును తొట్టి కింద నేల మీద పడేయకండి. తొట్టి పక్కన, నీరు చిందినా తగలని ఎత్తులో గోడకు బిగించండి.

గాలి ఆడకపోతే ఏమవుతుంది?

ఎల్‌ఈడీ చల్లగా వెలుగుతుందని అనుకుంటాం. దాని వెలుతురులో వేడి తక్కువే గానీ దాని వీపు బాగా కాలుతుంది. ఆ వేడి పోయే దారి లేకపోతే వెలుతురు మసకబారి, ఆయుష్షు తగ్గుతుంది. మూత వెనక గోడకు పైభాగాన ఒక వరుస, పక్కల్లో దిగువన ఒక వరుస కన్నాలు వేయండి. వేడిగాలి పైనుంచి పోతుంటే చల్లగాలి కిందినుంచి వస్తుంది, తేమ కూడా దానితోపాటే పోతుంది.

ఇంట్లో పాత ట్యూబ్‌లైటు పట్టీ ఉంది. అదే వాడుకోవచ్చా?

గదికోసం చేసిన పట్టీని మూతలో పెట్టొద్దు. 230 వోల్టుల లైటే కావాలంటే అక్వేరియం కోసమే చేసిన, చివర్లకు రబ్బరు మూతులున్న తేమ నిరోధక లైటు కొనండి. దాని చోకు మూత బయట ఉండాలి. లోహపు పట్టీ, లోహపు రిఫ్లెక్టరు ఏది ఉన్నా ఎర్తు తీగ తప్పనిసరి, ప్లగ్గు మూడు పిన్నులది కావాలి. ఎర్తు ఉంటే, లోపల తీగ ఊడి లోహానికి తగిలిన వెంటనే ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఎర్తు లేకపోతే మన చెయ్యి తగిలేదాకా ఆగి, అప్పుడు పడుతుంది.

బిగించాక సరిగ్గా ఉందో లేదో ఎలా చూడాలి?

మూతను తొట్టి మీద పెట్టకముందే, నేల మీద ఇటుకల మీద నిలిపి ఒక రోజంతా లైటు వెలిగించండి. మధ్యమధ్య పట్టాను, అడాప్టరును తాకి చూడండి. వెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి నిలపలేనంత కాలితే ఎక్కడో లెక్క తప్పింది. తర్వాత ప్లగ్గు తీసేసి, లైటును గట్టిగా కిందికి లాగండి. మూతను రెండు చేతులతో పట్టుకుని కుదపండి. చివరగా బోల్టులన్నీ కావాలనే విప్పి, రెండో పట్టు ఒక్కటే లైటును ఆపుతోందో లేదో చూడండి. ఈ పరీక్ష మానేస్తే, రెండో పట్టు పనిచేస్తుందో లేదో ప్రమాదం జరిగిన రోజునే తెలుస్తుంది.

ఆ తర్వాత నెలకోసారి నట్లు, వైరు, కోసిన చివర్లు చూసుకోండి. అదే రోజున ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి. నొక్కగానే పడిపోతే బాగున్నట్టు. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

తొట్టిలో చెయ్యి పెట్టేముందు స్విచ్చి ఆపితే చాలా?

చాలదు. ప్లగ్గు పీకాలి. పాత ఇళ్లలో వైరింగు తిరగబడి, స్విచ్చి న్యూట్రల్ మీద ఉండే అవకాశం ఉంది. అప్పుడు స్విచ్చి ఆపినా ఫేజు లైటు దాకా వస్తూనే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు తొట్టి శుభ్రం చేద్దామనుకునేవారు ఇన్వర్టరును మరచిపోకండి. వీధిలో కరెంటు లేకపోయినా ఇన్వర్టరు లైనులో 230 వోల్టులు ఉంటాయి. ఆ లైనుకు ఆర్‌సీసీబీ రక్షణ అందుతోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో విడిగా చూపించుకోండి.

లైటు నీళ్లలో పడినట్టు కనిపిస్తే ముందు మెయిన్ స్విచ్చి ఆపండి, తర్వాత ప్లగ్గు పీకండి, ఆ తర్వాతే లైటును ముట్టుకోండి. చేపలను కాపాడాలన్న తొందరలో పిల్లలు చెయ్యి పెట్టేస్తారు. ఈ వరుసను వారికి ముందే నేర్పి, ఒకసారి చేయించి చూపించండి.

ఇవన్నీ ఒకేసారి చేయించలేను. ఏది ముందు?

మొదట ఆర్‌సీసీబీ. అది తొట్టినే కాదు, గీజరును, వాషింగ్ మెషీన్‌ను, ఇంట్లో ప్రతి మనిషినీ కాపాడుతుంది. రెండోది కింది గాజు. మూడోది 12 వోల్టుల లైటు. నాలుగోది స్టెయిన్‌లెస్ బోల్టులు, రెండో పట్టు. మొదటి రెండూ అమరేదాకా మూతలో లైటు పెట్టకండి. గదిలోని వెలుతురుతోనే చేపలు నిక్షేపంగా బతుకుతాయి, ఒకటి రెండు నెలలు ఆగినా వాటికి నష్టమేమీ లేదు.